కాంక్రీటు గడువు ఒకటి, ఫెలోషిప్ గడువు ఇంకొకటి: పరిశోధన నిధుల అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పరిశోధన నిధుల సంస్థల అధికారులకు, విశ్వవిద్యాలయాల పాలకవర్గాలకు, నిర్మాణ ప్రమాణాల కమిటీల సభ్యులకు,

నమస్కారం. మేము జీరో కార్బన్ భవనాల మీద (కట్టడంలో, వాడకంలో నికరంగా కార్బన్ డయాక్సైడ్ వదలని భవనాలు), తక్కువ కర్బనంతో కట్టే పద్ధతుల మీద పని చేస్తున్న పీజీ, పీహెచ్‌డీ విద్యార్థులం. ఈ లేఖలోని విషయాలు మీకు కొత్తవి కావు. మా గైడ్ల ద్వారా, విభాగాధిపతుల ద్వారా, వార్షిక సమీక్షల్లో మీ ముందు పెట్టినవే. కొన్నిటికి "పరిశీలనలో ఉంది" అన్న జవాబు వచ్చింది, చాలావాటికి అదీ రాలేదు. మీరు ఈ రంగానికి ఏమీ చేయలేదని మేము అనడం లేదు. మాలో చాలామందిమి మీరిచ్చిన ఫెలోషిప్‌తోనే ఇక్కడిదాకా వచ్చాం. కానీ అసలు సమస్య మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది. అందుకే ఇక అందరికీ తెలిసేలా రాస్తున్నాం.

ఆ సమస్య ఇది. మేము పరీక్షించే వస్తువులు దశాబ్దాల పాటు మనుషుల నెత్తి మీద నిలబడాల్సినవి. వాటిని పరీక్షించడానికి వచ్చే డబ్బు చాలాచోట్ల మూడేళ్ళకో నాలుగేళ్ళకో ఆగిపోతుంది. పరీక్ష మధ్యలో ఉండగానే పరీక్షించేవాడు వెళ్ళిపోతాడు.

భవనాలు, వాతావరణం అనగానే అందరికీ కరెంటు బిల్లు, ఏసీ, సోలార్ పలకలు గుర్తొస్తాయి. అది సగం కథే. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం లెక్క ప్రకారం 2021లో ఇంధనం, పారిశ్రామిక ప్రక్రియల వల్ల ప్రపంచంలో వెలువడిన కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు 37 శాతం భవనాలు, నిర్మాణ రంగానిదే. అందులో పెద్ద వాటా భవనాల వాడకంలో వచ్చేది. మిగతాది భవనంలో ఎవరూ కాపురం పెట్టకముందే, సిమెంటు, స్టీలు, గాజు, అల్యూమినియం, ఇటుకల తయారీలోనే గాలిలో కలిసిపోయినది. బొగ్గు తగ్గి కరెంటు శుభ్రపడే కొద్దీ మొదటి వాటా తగ్గుతూ వస్తుంది. రెండోది అంత తేలిగ్గా తగ్గదు. ఎందుకో సిమెంటు బట్టీ దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది.

సున్నపురాయిని, బంకమట్టిని కలిపి సుమారు 1450 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలిస్తే క్లింకర్ వస్తుంది. దానికి కొంచెం జిప్సం కలిపి పొడి చేస్తే సిమెంటు. 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయి కాలితే 56 కిలోల సున్నం మిగులుతుంది, 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ పైకి పోతుంది. అది బొగ్గు పొగ కాదు, రాయిలోనే ఉన్నది. బట్టీ మొత్తాన్ని సౌర విద్యుత్తుతో నడిపినా ఆ 44 కిలోల్లో ఒక్క కిలో తగ్గదు. సిమెంటు ఉద్గారాల్లో సగానికి పైగా ఇలా వచ్చేవే. ప్రపంచం ఏటా దాదాపు 400 కోట్ల టన్నుల సిమెంటు తయారు చేస్తోంది. మనుషుల వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో 7, 8 శాతం దాని ఖాతాలోదే. 1824లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంట్ తీసుకున్నాడు. బట్టీలు పెద్దవయ్యాయి, యంత్రాలు మారాయి, కానీ సున్నపురాయిని కాల్చే పని మాత్రం అలాగే ఉంది.

పొగ గొట్టంలోనే గ్యాసును పట్టి భూమి లోపల దాచే పద్ధతి వచ్చింది కదా అంటారు. వచ్చింది, మంచిదే. నార్వేలోని బ్రెవిక్ సిమెంటు ఫ్యాక్టరీలో 2025లో ప్రారంభమైన ప్లాంటును ఏటా 4 లక్షల టన్నులు పట్టేలా కట్టారు. సిమెంటు రంగం ఏటా వదిలేది 200 కోట్ల టన్నులకు పైమాటే. దాన్నొక్కదాన్నే నమ్ముకుంటే అలాంటి ప్లాంట్లు ఎన్ని వేలు కావాలో మీరే లెక్క వేయండి.

కాబట్టి ఇది ప్రచారంతోనో సబ్సిడీతోనో తీరేది కాదు. ముందు సిమెంటు రసాయనాన్నే మార్చాలి. మార్చినది నిలుస్తుందని రుజువు చేయాలి. ఈ రెండు పనులూ ఎక్కువగా జరిగేది విశ్వవిద్యాలయాల ల్యాబుల్లో, విద్యార్థుల చేతుల మీదుగా.

విద్యార్థుల పరిశోధన అల్మారాలో పెట్టే థీసిస్‌కే పరిమితమన్న మాట సమీక్షల్లో తరచూ వింటుంటాం. ఆస్ట్రియాలోని గ్రాజ్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో గెర్హార్డ్ షిక్‌హోఫర్ 1994లో ఒక పీహెచ్‌డీ పూర్తి చేశాడు. చెక్కను పొరలు పొరలుగా, ఒకదానికొకటి అడ్డంగా అతికించి చేసే పలకలు బరువును ఎలా మోస్తాయన్నది విషయం. ఇవాళ క్రాస్ లామినేటెడ్ టింబర్ పేరుతో ఆ పలకలు ఒక పరిశ్రమ. 2022లో అమెరికాలోని మిల్వాకీలో పూర్తయిన 25 అంతస్తుల అసెంట్ టవర్‌లో కింది కాంక్రీటు భాగం పైన అంతస్తులన్నీ ఆ పలకలతో వేసినవే. షిక్‌హోఫర్‌కు ఈ కృషికి మార్కస్ వాలెన్‌బర్గ్ బహుమతి 2019లో వచ్చింది, అంటే థీసిస్ సమర్పించిన పాతికేళ్ళకు. ఆ థీసిస్‌ను మూడో ఏడాది సమీక్షలో "తక్షణ ఉపయోగం ఏమిటి" అని అడిగి ఉంటే ఏం చెప్పేవాడో మాకు తెలియదు. మమ్మల్ని మాత్రం ప్రతి ఏడాదీ అడుగుతున్నారు.

ఎల్‌సీ3 (సున్నపురాయి, కాల్చిన బంకమట్టి కలిపిన సిమెంటు) సంగతి ఇంకా దగ్గరిది. స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్‌ఎల్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో కారెన్ స్క్రివెనర్ బృందం, క్యూబాలో ఫెర్నాండో మార్టిరెనా బృందం, వాళ్ళతో భారతదేశ ఐఐటీలు కలిసి పని చేసి తెచ్చిన సిమెంటు ఇది. అందులో క్లింకర్ సగమే. కాల్చిన బంకమట్టి 30 శాతం, కాల్చని సున్నపురాయి పొడి 15 శాతం, జిప్సం 5 శాతం. మట్టిని కాల్చడానికి 700 నుంచి 850 డిగ్రీలు చాలు, పైగా సున్నపురాయిలా దానిలోంచి కార్బన్ డయాక్సైడ్ రాదు. మామూలు సిమెంటుతో పోలిస్తే ఉద్గారాలు 30 నుంచి 40 శాతం దాకా తగ్గుతాయి. ఇది ఒక్క థీసిస్‌తో అయిన పని కాదు. మట్టిలో కేవోలినైట్ అనే ఖనిజం ఎంత ఉంటే సరిపోతుంది, గట్టిపడ్డాక లోపలి రంధ్రాలు ఎంత సన్నగా ఉంటాయి, సముద్రపు ఉప్పు ఎంత లోతుకు దిగుతుంది, కలిపేటప్పుడు నీళ్ళు ఎందుకు ఎక్కువ అడుగుతుంది అన్న ప్రశ్నల్లో ఒక్కోదాని వెనక ఎవరో ఒక విద్యార్థి ఏళ్ళ తరబడి చేసిన పని ఉంది. దీని వెనక స్విస్ ప్రభుత్వ అభివృద్ధి సహకార సంస్థ ఏళ్ళ తరబడి పెట్టిన డబ్బూ ఉంది. పిండి కొద్దీ రొట్టె అన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం.

ఇక కాలం సంగతి.

మా రంగంలో అందరూ చూసేది 28 రోజుల బలం. క్యూబులు పోసి, నీళ్ళలో నానబెట్టి, 28వ రోజు మెషీన్‌లో పెట్టి పగలగొడతాం. దానికి ఏ ఫెలోషిప్ గడువైనా సరిపోతుంది. కానీ భవనాన్ని ఎక్కువగా దెబ్బతీసేది లోపలి ఇనుప ఊచల తుప్పు. తాజా కాంక్రీటు లోపల పీహెచ్ (క్షారం ఎంతుందో చెప్పే కొలత) 13 దాకా ఉంటుంది. ఆ క్షారమే ఊచలను కాపాడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ మెల్లగా లోపలికి దిగి ఆ క్షారాన్ని తగ్గిస్తూ పోతుంది. పీహెచ్ 9 కిందికి వస్తే రక్షణ పోతుంది. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కాంక్రీటు పగిలి పెచ్చులూడుతుంది. అయితే ఈ దిగడం వేగంగా జరగదు, కాలం వర్గమూలాన్ని బట్టి నడుస్తుంది. మొదటి ఏడాది 3 మిల్లీమీటర్లు దిగితే, 6 మిల్లీమీటర్లు చూడటానికి నాలుగేళ్ళు ఆగాలి, 9 చూడటానికి తొమ్మిదేళ్ళు. క్లింకర్ తగ్గించిన సిమెంటుల్లో క్షారాన్నిచ్చే సున్నం నిల్వ తక్కువ. ఎల్‌సీ3 కూడా ఉప్పును బాగా అడ్డుకుంటుంది గానీ ఈ విషయంలో మామూలు సిమెంటు కన్నా కాస్త వెనకబడుతుంది. ఏ వాతావరణంలో, ఊచల పైన ఎంత మందాన కాంక్రీటు పొర (కవర్) ఉంటే, అది ప్రమాదం కాకుండా ఉంటుంది? జీరో కార్బన్ కాంక్రీటు భవిష్యత్తు చాలావరకు ఈ ప్రశ్న మీదే ఉంది.

కార్బన్ డయాక్సైడ్ గాఢత పెంచిన మూసిన పెట్టెలో, అంటే చాంబర్‌లో పెట్టి త్వరగా చూడొచ్చు కదా అని సమీక్షకులు అడుగుతారు. చూస్తున్నాం. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతం. చాంబర్‌లో ఒక శాతం, మూడు శాతం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పెడతాం. అంత గాఢతలో లోపల జరిగే రసాయన చర్యలు బయట జరిగేవాటితో పూర్తిగా సరిపోలవు. బయట ఎండ, వాన, తేమ, పొడి మారుతూ ఉంటాయి, చాంబర్‌లో తేమ ఒకే స్థాయిలో నిలిచి ఉంటుంది. అందుకే చాంబర్ ఫలితాన్ని బయట పెట్టిన శాంపిళ్ళతో సరిచూడాలి. సరిచూసే సమయానికి ఫెలోషిప్ అయిపోతుంది.

ఓపిక పట్టినవాళ్ళు లేకపోలేదు. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో 1910లో మోర్టన్ ఓవెన్ విథీ మొదలుపెట్టిన కాంక్రీటు నమూనాల పరీక్షలను తర్వాతివాళ్ళు కొనసాగించారు. యాభై ఏళ్ళ వయసు కాంక్రీటు ఫలితాలు 1975లో అచ్చయ్యాయి. మొదలుపెట్టినవాడే పూర్తిచేయాలన్న నియమం ఉండి ఉంటే ఆ అంకెలు ప్రపంచానికి దక్కేవి కావు. జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో వోల్ఫ్‌గాంగ్ ఫైస్ట్ 1991లో పూర్తి చేసిన మొదటి పాసివ్ హౌస్‌ను (చాలా తక్కువ ఇంధనంతో వెచ్చగా ఉండే ఇల్లు) కట్టి వదిలేయలేదు, పాతికేళ్ళ తర్వాత కూడా కొలిచి చూశారు. వేడిని, చలిని ఆపే గోడల పొర (ఇన్సులేషన్) ఇంకా పని చేస్తోందని ఇవాళ ధైర్యంగా చెప్పగలుగుతున్నది అందుకే.

మా దగ్గర ఏం జరుగుతోంది? నిధుల గడువు ముగిసిన నెలలో ఐడీ కార్డు, ల్యాబ్ ప్రవేశం రెండూ పోతాయి. మేడ మీద, పెరట్లో ఎండకూ వానకూ పెట్టిన శాంపిళ్ళకు హక్కుదారు ఎవరూ ఉండరు. తర్వాతి బ్యాచ్‌కు చోటు కావాలి గనుక అవి చెత్త లారీ ఎక్కుతాయి. లేబుళ్ళు చెరిగిపోయినవి ముందు పోతాయి, లేబుళ్ళున్నవి తర్వాత. కూల్చివేత చెత్తను తగ్గించడం మీద సెమినార్లు పెట్టే చోటే ఇది జరుగుతుంది. స్టైపెండ్ నెలనెలా రాకపోవడం, రెండు మూడు నెలలవి కలిపి రావడం, పదార్థంలోని స్ఫటికాలను గుర్తించే ఎక్స్‌రే డిఫ్రాక్షన్ మెషీన్ చెడిపోతే రిపేరుకు పద్దు లేకపోవడం ఇవన్నీ మీకు తెలిసినవే. వాటిని ఇక్కడ విస్తరించి రాయం.

దీనివల్ల మాకంటే ఎక్కువ నష్టపోయేది ఈ చర్చలో ఎక్కడా కనిపించని మామూలు జనం. వాళ్ళ తరఫున కొన్ని అంశాలు:

1. ఇల్లు కొనుక్కునేవాళ్ళు. కొత్త సిమెంటును తొందరపడి వాడితే ఏమవుతుందో చరిత్రలో ఉంది. హై అల్యూమినా సిమెంటు ఒక్క రోజులోనే మామూలు సిమెంటు నెలకు ఇచ్చేంత బలం ఇచ్చేది. బ్రిటన్‌లో యుద్ధానంతరం స్కూళ్ళు, హాళ్ళు త్వరగా కట్టడానికి దాన్ని బీముల్లో తెగ వాడారు. వెచ్చదనం, తేమ ఉన్న చోట దాని లోపలి స్ఫటికాలు కాలం గడిచే కొద్దీ రూపు మార్చుకుని, రంధ్రాలు పెరిగి, బలం పడిపోతుంది. 1973లో ఒకటి, 1974లో ఇంకొకటి, లండన్‌లో రెండు స్కూళ్ళలో పైకప్పులు కూలాయి. కారణాల్లో ఈ బలహీనత కూడా ఉందని తేలాక వేలాది భవనాలను వెతికి పరీక్షించాల్సి వచ్చింది. అదేమీ ఎవరికీ తెలియని సంగతి కాదు. కాంక్రీటు పరిశోధకుడు ఆడమ్ నెవిల్ 1963లోనే దీని గురించి హెచ్చరిస్తూ రాశాడు. ఒక పరిశోధకుడికి తెలిసినది కట్టేవాడికి చేరడానికి మధ్య పదేళ్ళు, రెండు పైకప్పులు పోయాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఇవాళ పదుల సంఖ్యలో కొత్త సిమెంటులు మార్కెట్లోకి రాబోతున్నాయి.

2. అద్దె ఇళ్ళలో, పాత అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళు. ఉన్న భవనాలకు ఇన్సులేషన్ తొడగడం ఉద్గారాలు తగ్గించే పెద్ద మార్గం. సరిగా చేయకపోతే గోడల లోపల తేమ చేరి బూజు పడుతుంది, వేసవిలో గదులు ఉక్కపోస్తాయి, కాగితం మీద లెక్కవేసిన ఆదా బిల్లులో కనిపించదు. ప్రాణాల మీదికీ రావచ్చు. లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్‌కు 2016లో పూర్తయిన మరమ్మతుల్లో బయట ఇన్సులేషన్, పైన పలకలు తొడిగారు. 2017 జూన్ 14న మంటలు ఆ పలకల మీదుగానే పైకి పాకాయి, 72 మంది చనిపోయారు. పదార్థాల తయారీ కంపెనీలు పరీక్షల విషయంలో నిజాయితీగా లేవని బహిరంగ విచారణ 2024లో తేల్చింది. తయారీదారు డబ్బుతో జరిగిన పరీక్ష ఒక్కటే సాక్ష్యమైతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా చేదు ఉదాహరణ అక్కర్లేదు. ఏ కంపెనీకీ బాకీ లేని పరీక్ష చేయగలిగేది ప్రజాధనంతో నడిచే ల్యాబే.

3. కూలీలు, మేస్త్రీలు. సిమెంటు లేకుండా స్లాగ్‌ను (ఇనుము కొలిమి వ్యర్థం), ఫ్లై యాష్‌ను (బొగ్గు బూడిద) గట్టిపరచడానికి సోడియం హైడ్రాక్సైడ్, సోడియం సిలికేట్ ద్రావణాలు వాడతారు. ల్యాబులో మేము గ్లౌజులు, కళ్ళద్దాలు పెట్టుకుని కలుపుతాం. సైటు మీద ఎవరు పెట్టుకుంటారు? మామూలు సిమెంటు తడికే చర్మం కాలే పని ఇది. కోత పనిలో లేచే సిలికా దుమ్ముతో ఊపిరితిత్తులు పాడవుతాయన్నది పాత సంగతే. కొత్త పదార్థం కర్బనం ఎంత తగ్గిస్తుందో చెప్పే థీసిస్‌లు కావలసినన్ని ఉన్నాయి. దాన్ని పదేళ్ళు కలిపిన చేతులు ఏమవుతాయో చూడటానికి నిధులు అడిగితే "ఇది సివిల్ ఇంజినీరింగ్ కాదు" అంటారు, వైద్యం వైపు అడిగితే "ఇది మా విభాగం కాదు" అంటారు.

4. చిన్న కాంట్రాక్టర్లు, ఇంజినీర్లు. వాళ్ళకు మంచి మనసు లేక కాదు, కోడ్‌లో, అంటే నిర్మాణ ప్రమాణాల్లో లేని పదార్థం వాడి సంతకం పెట్టలేరు. చాలా ప్రమాణాలు కాంక్రీటు ఎలా పని చేయాలో చెప్పవు, అందులో సిమెంటు కనీసం ఎంత ఉండాలో చెబుతాయి. అవసరం లేని చోట కూడా ఆ అంకె కోసం సిమెంటు పోస్తారు. దాన్ని మార్చాలంటే కమిటీలు దీర్ఘకాలిక డేటా అడుగుతాయి, అడగాలి కూడా. ఆ డేటా ఇవ్వాల్సిన శాంపిళ్ళు ఎక్కడికి పోయాయో పైన రాశాం.

5. చట్టాలు పరిశోధన కోసం ఆగవు. డెన్మార్క్‌లో 2023 నుంచి వెయ్యి చదరపు మీటర్లు దాటిన కొత్త భవనాలకు చదరపు మీటరుకు ఏడాదికి 12 కిలోల ఉద్గారాల పరిమితి వచ్చింది, తర్వాత దాన్ని ఇంకా బిగించారు. ఐరోపా యూనియన్‌లో 2030 నుంచి కొత్త భవనాలన్నీ వాడకంలో ఉద్గారాలు లేనివిగా ఉండాలి. మిగతా ప్రపంచం కూడా ఏదో ఒకనాడు ఆ దారికి రాక తప్పదు. నమ్మదగిన లెక్కలు లేకుండా పరిమితులు వస్తే, కట్టేవాళ్ళు చేతికందిన అంకె వేస్తారు, జరిమానా కట్టేది మాత్రం చివరికి ఇల్లు కొన్నవాడు.

6. చదువుకోవాలనుకునే పేద పిల్లలు. ఆర్నెల్లు స్టైపెండ్ రాకపోయినా బతకగలిగినవాళ్ళే చివరిదాకా మిగులుతారు. ఇరుకు ఇంట్లో, రేకుల కింద పెరిగినవాళ్ళు మధ్యలో వెళ్ళిపోతారు. వేడికి ఇల్లు ఎలా ఉంటుందో ఒంటితో తెలిసినవాళ్ళు లేని ల్యాబులో ఎలాంటి ప్రశ్నలు పుడతాయో ఆలోచించండి.

పరిశ్రమే పెట్టుకోవచ్చు కదా అని మీలో కొందరి అభిప్రాయం. నిర్మాణ రంగం పరిశోధనకు తన ఆదాయంలో ఒక శాతం కూడా పెట్టదని, కార్లు, విమానాల రంగాలు 3.5 నుంచి 4.5 శాతం దాకా పెడతాయని మెకిన్సీ అనే వ్యాపార సలహా సంస్థ 2017లో చెప్పింది. పరిశ్రమ పెట్టే ఆ కొద్దిపాటి డబ్బూ అమ్ముకోగల వస్తువు మీదికే పోతుంది. తక్కువ సిమెంటుతో స్లాబు వేయడం ఎలా అన్న పరిశోధనకు సిమెంటు కంపెనీ ఎంత ఉత్సాహంగా డబ్బిస్తుంది? పాత భవనాన్ని కూల్చకుండా నిలబెట్టడం ఎలా అన్నదానికి బిల్డర్ ఇస్తాడా? కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2024లో ఒక దారి చూపారు. కూల్చిన కాంక్రీటులోని సిమెంటును స్టీలు కరిగించే విద్యుత్ కొలిమిలో వేసి మళ్ళీ క్లింకర్‌గా మార్చవచ్చని. ఇలాంటి ఆలోచనలు ఒక కంపెనీ గోడల మధ్య పుట్టవు, రెండు పరిశ్రమల మధ్య ఎవరికీ చెందని చోట పుడతాయి. అక్కడ ప్రజాధనమే పని చేయాలి.

మా డిమాండ్లు ఇవి. కొన్నిటికి డబ్బు కావాలి, కొన్నిటికి ఒక సంతకం చాలు.

1. మన్నిక పరీక్షలున్న పరిశోధనకు ఫెలోషిప్ కనీసం నాలుగేళ్ళు ఉండాలి. ఆ తర్వాత పరీక్ష ముగిసేదాకా తక్కువ మొత్తంలోనైనా కొనసాగింపు నిధి ఉండాలి. దానికి మళ్ళీ మొదటి నుంచి దరఖాస్తు పెట్టమనకూడదు.

2. శాంపిళ్ళు విద్యార్థివి కావు, సంస్థవి అని రాతపూర్వకంగా ప్రకటించండి. వేర్వేరు వాతావరణాల్లో, అంటే సముద్రం పక్కన, పొడి నేలలో, వాన ఎక్కువ ఉన్న చోట, చలి ప్రాంతంలో, శాశ్వత పరీక్షా స్థలాలు ఏర్పాటు చేయండి. ఒక విద్యార్థి వెళ్ళేటప్పుడు మరొకరికి రికార్డులతో సహా అప్పగించే పద్ధతి పెట్టండి. కనీసం ముప్పై ఏళ్ళ హామీ కావాలి. ఈ లేఖలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. మిగతావన్నీ వాయిదా వేసినా దీన్ని వేయొద్దు.

3. స్టైపెండ్ ప్రతి నెలా నిర్ణీత తేదీకి జమ కావాలి. పరీక్షల ఖర్చు, పరికరాల రిపేరు, టెక్నీషియన్ జీతం వేరే పద్దు కింద రావాలి. టెక్నీషియన్ లేని ల్యాబులో కొత్త మెషీన్ కొనడం వృథా.

4. నిధుల్లో కచ్చితమైన వాటాను ఇప్పటికే ఉన్న భవనాల మరమ్మతుకు, పాత బీములు, ఇటుకలు, స్టీలు తిరిగి వాడటానికి, కట్టిన భవనాలను నిజంగా కొలిచి చూడటానికి కేటాయించండి. కొత్త పదార్థం పేరు చెబితే నిధులు రావడం, పాత గోడ పేరు చెబితే రాకపోవడం ఇక ఆగాలి.

5. విఫలమైన ప్రయోగాలు, వేరే ల్యాబు ఫలితాన్ని మళ్ళీ చేసి చూసిన ప్రయోగాలు కూడా థీసిస్‌కు, నిధులకు అర్హమైనవిగా గుర్తించండి. డేటా అందరికీ అందుబాటులో ఉండాలి. కంపెనీ డబ్బుతో చేసిన పరిశోధనలో భద్రతకు సంబంధించిన ఫలితాన్ని ఆపే హక్కు కంపెనీకి ఒప్పందంలో ఉండకూడదు.

6. ప్రమాణాల కమిటీల్లో పరిశోధక విద్యార్థులకు స్థానం ఇవ్వండి. ఫలితాలను కోడ్ భాషలోకి మార్చడానికి పట్టే నెలలకు విడిగా ఫెలోషిప్ ఇవ్వండి. 1963కీ 1973కీ మధ్య పోయిన పదేళ్ళు మళ్ళీ పోకుండా ఉండాలంటే ఇది కావాలి.

7. కొత్త పదార్థం మీద వచ్చే ప్రతి ప్రతిపాదనలో కలిపేవాళ్ళ, కోసేవాళ్ళ ఆరోగ్యం మీద ఒక భాగం, దానికి బడ్జెట్ తప్పనిసరి చేయండి.

8. డబ్బు ఎక్కడిదంటారా, ప్రభుత్వాలు నిర్మాణాల మీద పెట్టే ఖర్చులో వెయ్యికి ఒక వంతు ఈ పరిశోధనకు పక్కన పెట్టాలని సిఫారసు చేయండి. 2060 నాటికి ప్రపంచంలో భవనాల విస్తీర్ణం దాదాపు రెట్టింపవుతుందని ఐక్యరాజ్యసమితి అంచనా. ఆ కట్టబోయేదాని బిల్లులో ఇది కనిపించనంత చిన్న అంకె.

ఈ డిమాండ్లలో ఏది ఎవరి పరిధిలోకి వస్తుందో, ఏది ఒప్పుకుంటున్నారో, ఏది ఎందుకు కాదంటున్నారో 60 రోజుల్లో రాతపూర్వకంగా, బహిరంగంగా జవాబివ్వాలని కోరుతున్నాం. కమిటీ వేస్తే అందులో మాలో కనీసం ఇద్దరు ఉండాలి. సమావేశానికి పిలిస్తే రికార్డులతో వస్తాం.

ఒక్క విషయం మాత్రం అప్పటిదాకా ఆగదు. ఈ విద్యా సంవత్సరం చివర చాలామందికి ఫెలోషిప్ ముగుస్తోంది. బయట పెట్టిన వాళ్ళ శాంపిళ్ళను తీసి పారేయొద్దని, లేబుళ్ళు తిరగరాసి ఉన్నచోటే ఉంచమని అన్ని ల్యాబులకూ ఈ వారమే ఒక సర్క్యులర్ పంపండి. దానికి నిధులు అక్కర్లేదు.

ఇట్లు,
జీరో కార్బన్ నిర్మాణంపై పరిశోధన చేస్తున్న పీజీ, పీహెచ్‌డీ విద్యార్థులు